యంత్రం చెప్పిన తద్దినం

బాగేపల్లి
17 నవంబరు 2004

చిరంజీవి సుధన్వకు,

మీ తాత తద్దినం నవంబరు పద్నాలుగున కాదు. మీ తాత పోయింది నవంబరు పద్నాలుగున. ఈ రెండూ ఒకటే అనుకునేవాడు నా మనవడని బయట చెప్పుకోకు. ఆయన పోయిన రోజు కార్తీక బహుళ తదియ. ఈ ఏడు అధిక శ్రావణం రావడంతో పండుగలన్నీ ఆలస్యమయ్యాయి. ఆ తదియ ఈ నెల ఇరవై తొమ్మిదో తేదీ, సోమవారం వస్తుంది. నువ్వంటున్న పద్నాలుగో తేదీ శుక్ల విదియ. దీపావళి టపాకాయల కాగితాలు ఇంకా వీధిలో ఊడ్వని రోజు. ఆ రోజు విస్తరి వేస్తే మీ తాత వచ్చి తినడు సరికదా, హైస్కూల్లో లెక్కలు చెప్పిన పెళ్ళాం చేసిన లెక్క ఇదా అని నవ్వుకుని పోతాడు.

ఇక రెండోది. 'చిన్నాయన వస్తున్నాడని తెలిసి కూడా ఇల్లు తాళం వేసుకుని పోతావా అవ్వా?' అని రాశావు. తెలిసి కూడా అంటే? ఎవరు చెప్పారు నాకు? మూడేళ్ళుగా ఈ గడప తొక్కని నా చిన్నకొడుకు, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వచ్చి, తలుపుకు తాళం చూసి తిరిగిపోయాడన్న సంగతి నాకు నీ ఉత్తరంలోనే తెలిసింది. చదివేసరికి పొయ్యి మీద పాలు ఎంత పొంగాయో నీకు రాయను.

ఆ రోజు నేను చింతామణిలో ఉన్నాను. దీపావళి అయిన విదియనాడు తోడబుట్టినవాడికి చెల్లెలు తన చేత్తో వండి పెట్టాలి. ప్రతి ఏడూ మా అన్న పట్టాభిరామ ఇక్కడికే వచ్చి భోంచేసి, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పి పోతాడు. ఈ ఏడు స్నానాలగదిలో జారి కాలికి కట్టు కట్టించుకుని కూర్చున్నాడు. కాబట్టి నేనే పోయి అక్కడ వండి పెట్టి, రెండు రోజులు ఉండి వచ్చాను. ఇందులో కుట్ర ఏమీ లేదు. కావాలంటే మా అన్న కాలికున్న కట్టును అడుగు.

నాకు అర్థం కానిది ఒక్కటే. 'నా ఆర్గనైజరు కుయ్యిమంది, కాబట్టి చిన్నాయనకు చెప్పాను' అన్నావు. కుయ్యిమనడానికి అది కోడిపిల్లా? దానికి మీ తాత ఎట్లా తెలుసు? ఆయన పోయినప్పుడు అది పుట్టిందా? వివరంగా రాయి.

ఫోన్ చెయ్యమంటావని తెలుసు. ఫోనులో నాకు మాటలు వినిపించవు, వేరుశనగకాయలు వేయిస్తున్న చప్పుడు వినిపిస్తుంది. ఉత్తరమే రాయి. రాసేటప్పుడు తెలుగు 'త'కు బదులు కన్నడ 'త' పెట్టకు. నీకు అక్షరాలు దిద్దించింది నేనేనని నలుగురికీ తెలుసు.

నీ మీద కోపం ఉన్నా నీ ఆరోగ్యం బాగుండాలని కోరే
మీ అవ్వ పంకజ


చిక్కబళ్ళాపురం
20 నవంబరు 2004

అవ్వకు సుధన్వ సాష్టాంగ నమస్కారాలు.

తప్పు నాదే. కానీ మొత్తం నాదే కాదు. చదివి తర్వాత తిట్టు.

ఆ ఆర్గనైజరు మా మందుల కంపెనీ మా అందరికీ ఇచ్చింది. అరచేతిలో పట్టేటంత బూడిదరంగు పలక. ఏ డాక్టరును ఎప్పుడు కలవాలో అందులో రాసుకుంటే ఆ వేళకు కుయ్యిమంటుంది. దాని మీద ఒక చిన్న పుల్లతో రాయాలి. మనం రాసేట్టు రాస్తే దానికి అర్థం కాదు, అది నేర్పినట్టు మనం రాయాలి. ఏ అనే ఇంగ్లీషు అక్షరానికి అడ్డగీత ఉండకూడదు, గుడిసె కప్పు మాదిరి వేసి వదిలేయాలి. మొదటి వారం నేను డాక్టరు అని రాస్తే అది ఇంకేదో రాసుకునేది. ఇప్పుడు నాకు మామూలు కాగితం మీద కూడా అడ్డగీత రావడం లేదు.

మన ఇంటి ముఖ్యమైన రోజులన్నీ కూడా అందులో ఎక్కించాను. తాత పోయిన తేదీ పంచాయితి ఆఫీసు ఇచ్చిన మరణ పత్రంలో చూసి రాసి, 'ప్రతి సంవత్సరం' అనే గీత మీద పుల్లతో పొడిచాను. దానికి తిథులు తెలియవవ్వా. నాకూ తెలియవు. హాస్టల్లో పెరిగినవాణ్ణి.

పేరేసంద్రలో చిన్నాయన దగ్గర కూడా ఇట్లాంటిదే ఉంది. బెంగళూరులో సెకండ్ హ్యాండులో కొన్నాడు. అది ఫోనూ, డైరీ రెండూ కలిసినది, సబ్బుపెట్టె అంత ఉంటుంది. డైరీ తెరిచి ఉన్నప్పుడు ఫోన్ వస్తే రెండూ ఆగిపోతాయి. ఏ రైతు బోరు ఎన్ని అడుగులో, ఏ మోటారు వేశాడో చిన్నాయన అందులో రాసుకుంటాడు. రెండు యంత్రాలనూ ఎదురెదురుగా తలలు ఆనించి పెడితే ఒకదానిలోది ఇంకొకదానిలోకి పోతుంది. నేను తాత తద్దినాన్ని అట్లా ఆయన ఫోనులోకి పంపాను. మూడు నెలలుగా ఆయన్ను రమ్మని బతిమాలుతున్నాను. ఊఁ అనడు, ఉఁహూఁ అనడు. పదమూడో తేదీ సాయంత్రం ఇద్దరి యంత్రాలూ కుయ్యిమన్నాయి. 'రేపు పోతాము. మీ అవ్వకు చెప్పినావా?' అన్నాడు. చెప్పాను అన్నాను. నాకు కంపెనీ పని పడి నేను మాత్రం రాలేకపోయాను.

ఇక్కడే ఉంది అసలు తప్పు. ఆ యంత్రంలో చేయాల్సిన పనులకు ఒక పట్టిక ఉంటుంది. అందులో 'అవ్వకు ఉత్తరం రాయాలి' అని రాసుకున్నాను. ఒక రోజు డాక్టరు గది బయట కూర్చుని, పని అయిపోయిందని దాని పక్కన గుర్తు పెట్టేశాను. గుర్తు పెట్టాక రాసేసినట్టే అనిపించింది. ఉత్తరం మాత్రం రాయలేదు.

ఇప్పుడు చిన్నాయన ఏమంటున్నాడో తెలుసా? 'నేను వస్తానని తెలిసే మాయమ్మ తాళమేసుకుని పోయినాది. ఇంక ఆ దోవన పోను' అంటున్నాడు. నువ్వే ఒక మాట రాయవ్వా. నేను తేదీ ఇరవై తొమ్మిదికి మార్చి మళ్ళీ ఆయన ఫోనులోకి పంపుతాను.

క్షమించమని వేడుకుంటూ
సుధన్వ


బాగేపల్లి
22 నవంబరు 2004

చిరంజీవి సుధన్వకు,

గుర్తు పెట్టగానే పని అయిపోయినట్టు అనిపించే యంత్రాన్ని కంపెనీ వాళ్ళు మందులమ్మే వాళ్ళకు ఇచ్చారంటే రోగుల అదృష్టం ఏమని చెప్పాలి. నేను పాఠాలు చెప్పే రోజుల్లో లెక్క చేయకుండా కింద గీత గీసి 'జవాబు' అని రాసే పిల్లలు ఉండేవారు. వాళ్ళను బెంచీ ఎక్కించేదాన్ని. నువ్వు ఇరవై ఆరేళ్ళవాడివి, బెంచీ విరుగుతుంది.

మీ చిన్నాయనకు నేను ఏమని రాయాలి? 'నువ్వు వస్తావని నాకు తెలియదు' అని రాస్తే, తెలిసి ఉంటే ఏమి చేసేదానివి అని అడుగుతాడు. వాడి మూతి ముడుపు నాకు కొత్త కాదు. మొదట జరిగిందేమిటో నాకు తెలియాలి. అందుకని పక్కింటి మునిలక్ష్మమ్మను పిలిచి, ఆ పొద్దు ఏమి చూశావో చెప్పమన్నాను. ఆమెను సాక్షిగా పిలిస్తే ఏ కోర్టయినా మూసేసుకుని పోతుంది. అయినా విను.

'పొద్దున తొమ్మిదికి వచ్చినారమ్మా. మీ చిన్నకొడుకు, ఆ యమ్మ. తాళం చూసి అరుగు మీద కూసున్నారు. నేనే పోయి, అవ్వ ఊర్లో లేదప్పా, యాడికి పోయినాదో తెలీదు అంటి. నాకు చెప్పి పోయింటే కదా మీరు?'

'అది నా తప్పు. తరవాత?'

'పట్టాభిరామ మామ వచ్చినాడా అని అడిగె ఆ యప్ప. రాలేదంటి. మొగం చిన్నగైపోయె. ఎండలో కూసున్నారే అని ఉగ్గాని చేసి ఇస్తి. ఇద్దురూ తిన్నారు. ఆ యప్ప రెండోసారి కూడా ఏయించుకునె. కాఫీ తాగి పదకొండు బస్సుకు పోయిరి.'

'ఇంకేమైనా అన్నారా? ఏమైనా ఇచ్చారా?'

'ఏమీ లేదమ్మా' అని ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. చలికాలంలో చెమట ఎందుకు పట్టిందో నాకు తెలియదు.

నాకు ఇందులో ఒకటి మింగుడు పడడం లేదు. వాడు మా అన్నను ఎందుకు అడిగాడు? మా అన్న ఏనాడూ మీ తాత తద్దినానికి రాడు. బావ తద్దినంలో ఆయనకు పనేముంది? అంటే మా అన్న ఇక్కడ ఉంటాడని అనుకునే వచ్చాడా?

మీ చిన్నాయన ఎందుకు రావడం మానేశాడో మీ నాయన నీకు చెప్పాడో లేదో తెలియదు కాబట్టి చెబుతున్నాను. మూడేళ్ళ కిందట తద్దినం రోజు మీ చిన్నమ్మ ప్రేమ, మిట్టేమరి రైతుల ఇంట్లో పుట్టిందే గాని మన మడి పద్ధతి తెలుసుకుని, తెల్లవారకముందే బావి దగ్గర తల స్నానం చేసి, తడిచీర కట్టుకుని వణుకుతూ వంటింటి గుమ్మం దాకా వచ్చింది. నేను ఆ రోజు జ్వరంతో లోపలి గదిలో ఉన్నాను. మీ నాయన శ్రీకంఠ గుమ్మానికి అడ్డం నిలబడి, 'నువ్వు వసారాలో కూర్చోమ్మా, ఈ పొద్దు వంటింట్లోకి వద్దు' అన్నాడు. వచ్చిన బ్రాహ్మణులూ, బంధువులూ అందరూ విన్నారు. నేను గోడ పట్టుకుని లేచి వచ్చేసరికి మీ చిన్నాయన అంబరీషు ఆమె చెయ్యి పట్టుకుని బస్టాండు దారి పట్టాడు. అదీ కథ. అప్పటినుంచి కొడుకు ముఖం నేను చూడలేదు. పేరేసంద్ర మీదుగా బస్సులో పోతూ వాడి అంగడి బోర్డు మాత్రం చూస్తాను. 'పంపుసెట్టు సామాన్లు' అన్న అక్షరాల రంగు వెలిసిపోయింది, వేయించుకోమని చెప్పు.

తద్దినం ఇరవై తొమ్మిదిన. నువ్వు రా. చిన్నాయనను అడిగి చూడు. బలవంతం చేయకు.

ఏమీ అర్థం కాక ఉన్న
మీ అవ్వ


చిక్కబళ్ళాపురం
25 నవంబరు 2004

అవ్వకు నమస్కారాలు.

నేను ఇరవై తొమ్మిదికి రాలేను. కంపెనీ మీటింగు హుబ్బళ్ళిలో పెట్టారు. మూడో తేదీకి గాని తిరిగి రాను. ఇంకో చెడ్డ వార్త. నా ఆర్గనైజరు జ్ఞాపకం అంతా పోయింది. దానికి వేలెడంత సెల్లులు రెండు వేయాలి. అవి అయిపోతుంటే వెంటనే మార్చాలి. పాతవి తీసి, కొత్తవి ఎటు తిప్పి వేయాలో చూస్తూ ఉండగానే అది పుట్టినప్పటి స్థితికి పోయింది. డాక్టర్లు లేరు, మందులు లేవు, పుట్టినరోజులు లేవు. 'స్వాగతం, మీ పేరేమి?' అని నన్నే అడుగుతోంది. నాలుగు రోజులుగా డాక్టర్ల దగ్గరికి తప్పు వేళకు పోయి తిట్లు తింటున్నాను.

చిన్నాయన ఫోనులో కొన్నయినా ఉంటాయని నిన్న పేరేసంద్రకు పోయాను. అంగడిలో చిన్నమ్మ కూడా ఉంది. మాట్లాడిన మాటలు అట్లాగే రాస్తున్నాను, నువ్వే తేల్చు.

'చిన్నాయనా, తప్పు యంత్రానిది. తద్దినం ఇరవై తొమ్మిదినంట. అవ్వ రాసింది' అన్నాను.

'యంత్రానిది తప్పెట్లయితాదప్పా? నీకంటే, నాకంటే తెలివైనది కదా అది.'

'దానికి తిథులు తెలియవంట.'

'తిథీ గితీ నాకూ తెలీదు. మా నాయన పోయింది పద్నాలుగు. నా ఫోన్లో పద్నాలుగనే ఉండాది. నేను పద్నాలుగున పోతి. ఇల్లు తాళమేసిండ్రి. నా పని అయిపాయ.'

'అవ్వకు నువ్వొస్తావని తెలీదు చిన్నాయనా. నేను ఉత్తరం రాయలేదు, రాశానని నీకు అబద్ధం చెప్పాను.'

ఆయన నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. 'తెలీదా? నిజంగా తెలీదా?' అని రెండుసార్లు అడిగాడు. తర్వాత, 'మా మామ ఎందుకు రాలేదంట?' అన్నాడు. కాలు విరిగిందని చెప్పాను. 'అయ్యో, నాకెవరూ చెప్పనే లేదే' అని చిన్నమ్మ వైపు చూశాడు. చిన్నమ్మ కళ్ళు తుడుచుకుంది. మామ కాలు విరిగినందుకు ఇంత ఏడుస్తారా అవ్వా?

'అయితే ఇరవై తొమ్మిదికి రండి' అన్నాను. ఆ మాటతో చిన్నమ్మ మళ్ళీ గట్టిగా అయిపోయింది.

'ఇరవై తొమ్మిదికి మేము రాము సుధన్వా. మీ నాయన వస్తాడు, బ్రామ్మలు వస్తారు. మళ్ళా వసారాలో కూర్చునేకి నాకు చేత కాదు.'

'మరి పద్నాలుగున మాత్రం ఎందుకు వస్తిరి? అప్పుడూ వాళ్ళంతా ఉంటారు కదా?'

చిన్నమ్మ బల్ల మీది నట్లు, బోల్టులు ఏరడం మొదలుపెట్టింది. చిన్నాయన మాత్రం, 'తద్దినం పద్నాలుగే. మీ అవ్వకు చెప్పు, పంచాంగం తప్పు, యంత్రం రైటు' అని ఒక రైతుకు వాషరు వెతికివ్వడానికి లోపలికి పోయాడు. మూడేళ్ళలో చిన్నాయన ఇంత మాడర్న్ అయిపోయాడని నాకు తెలియదు.

నాకు ఏమీ పాలుపోవడం లేదు. నీకైనా తెలిస్తే రాయి.

సుధన్వ


బాగేపల్లి
1 డిసెంబరు 2004

చిరంజీవి సుధన్వకు,

హుబ్బళ్ళి నుంచి రాగానే ఈ ఉత్తరం చదువు. చదివాక ఎవరికీ చూపించకు.

సోమవారం తద్దినం బాగా జరిగింది. అంతకు ముందు రోజు మునిలక్ష్మమ్మ విస్తళ్ళు కుట్టడానికి వచ్చి, కుడుతూ కుడుతూ ఉన్నట్టుండి ఏడుపు మొదలుపెట్టింది. ఏమంటే, 'కోపం చేసుకోవద్దమ్మా. ఆ పొద్దు ఆ యమ్మ ఒక కేరియరు ఇచ్చిపోయె. అత్తమ్మ వస్తే ఇయ్యి అనె. మీరు రెండు దినాలు రాకపోతిరి. పాడైపోతాదని మేమే తినేస్తిమి. చెప్పేకి నాకు మొగం లేకపాయ' అంది. అందులో ఏముండిందే అన్నాను. 'ఒబ్బట్లు, నెయ్యి, ఉల్లిగడ్డ దండిగా ఏసిన గుత్తి వంకాయ కూర. ఏమి రుచమ్మా అది' అని ఏడుస్తూనే పొగిడింది.

అప్పుడు నాకు లెక్క తేలింది. నీకు ఇంకా తేలలేదని తెలుసు, కాబట్టి బెంచీ మీద కూర్చుని విను.

తద్దినం పెట్టే కొడుకు పొద్దున్నే పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడు. వీడు ఉగ్గాని రెండుసార్లు వేయించుకుని తిన్నాడు. తద్దినం ఇంటికి ఎవరూ బయట వండిన తిండి తేరు. వీళ్ళు కేరియరు నిండా తెచ్చారు. ఆ రోజు ఉల్లిపాయ ఇంటి గడప దాటి రాదు. వీళ్ళు దాన్ని దండిగా వేసి కూరే చేసుకొచ్చారు. ఉల్లిపాయ వేసిన గుత్తి వంకాయ మన బంధువుల్లో ఎవరికి ప్రాణం? మా అన్న పట్టాభిరామకు. విదియనాడు ఆయన నా చేతి భోజనానికి బాగేపల్లి వస్తాడని నా చిన్నకొడుకుకు తెలియదా? పుట్టినప్పటి నుంచి ప్రతి ఏడూ ఆయన పక్కనే కూర్చుని తిన్నవాడు.

తిథి తెలియదంట! మీ తాతకు కళ్ళు మసకబారాక ఊరందరికీ పంచాంగం చూసి చెప్పింది ఆ అంబరీషే. వేళ్ళ కణుపుల మీద తిథి లెక్క కట్టగలడు. నీ యంత్రం తప్పు చెప్పిందని నువ్వు వాడి ఫోనులోకి పంపిన నిమిషానే వాడికి తెలిసి ఉంటుంది. ఆ తప్పు వాడికి పనికొచ్చింది. మీ నాయన ఉండడు, బ్రాహ్మణులు ఉండరు, మడి ఉండదు. అమ్మ ఉంటుంది, తనను ఏనాడూ కాదనని మామ ఉంటాడు. ఎందుకొచ్చావురా అంటే 'సుధన్వ యంత్రం తద్దినమని చెప్పె' అని నీ మీదికి తోసేయవచ్చు. మూడేళ్ళు పంతం పట్టినవాడు ఊరికే అమ్మను చూడాలని వచ్చానని ఎట్లా చెబుతాడు? ఆ నోరు వాడికి లేదు. నా కడుపున పుట్టాడు కదా.

అట్లా వచ్చినవాడికి తాళం కనిపించింది.

సోమవారం సాయంత్రం బ్రాహ్మణులు పోయాక మీ నాయనతో చెప్పాను. 'వచ్చే పద్నాలుగున అంబరీషు, ప్రేమ వస్తారు. ఆ పొద్దు వంట ప్రేమది.'

'ఆ పొద్దు ఏమి తిథమ్మా?' అన్నాడు.

'తిథి లేదు. తారీఖే.'

'తారీఖుకు ఏమి చేస్తారు?'

'తింటారు. శాస్త్రానికి చేయాల్సిందంతా ఈ పొద్దు చేసినాము కదప్పా.'

మీ నాయన లేచి నీళ్ళ తొట్టి దగ్గర చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. తిరిగొచ్చి, 'నన్ను పిలుస్తాండావా, రావద్దంటాండావా?' అన్నాడు. 'నీకు ఎట్లా వినపడితే అట్లా' అన్నాను. సంచి తీసుకుని తన బ్యాంకున్న గౌరిబిదనూరు బస్సెక్కాడు. వస్తాడో, రాడో, వస్తే ఏ ముఖంతో వస్తాడో నాకు తెలియదు. ఉన్న ఇద్దరు కొడుకుల్లో ఒకణ్ణి పిలవబోయి ఇంకొకణ్ణి పోగొట్టుకుంటున్నానేమో అని రెండు రోజులుగా అదే లెక్క మళ్ళీ మళ్ళీ కడుతున్నాను. అయినా మాట వెనక్కి తీసుకోను.

నువ్వు చేయాల్సింది ఇది. పేరేసంద్రకు పోయి, 'యంత్రమే రైటు, పంచాంగం తప్పని అవ్వ ఒప్పుకుంది, పోయిన నెల పద్నాలుగు తప్పిపోయింది కాబట్టి ఈ నెల పద్నాలుగున రమ్మంది' అని చెప్పు. అంతకు మించి ఒక్క మాట చెప్పకు. నేను కనిపెట్టానని తెలిస్తే వాడు మళ్ళీ మూడేళ్ళు కనిపించడు. వాడి ఫోనులో ఉన్న తప్పు దిద్దకు. దాన్ని అట్లాగే ఉండనీ.

మీ అవ్వ


చిక్కబళ్ళాపురం
5 డిసెంబరు 2004

అవ్వకు నమస్కారాలు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మూడోసారికి అర్థమైంది, నాలుగోసారికి మళ్ళీ పోయింది. తద్దినం అయిపోయినట్టా, కానట్టా? సరే, చెప్పమన్నది చెప్పాను.

చిన్నాయన మొదట నవ్వాడు. 'ఏమంటివి? మాయమ్మ ఒప్పుకున్నాదా? తప్పు అన్నాదా? ఆ మాట మాయమ్మ నోట్లో నుంచి వచ్చినాదా?'

'నోట్లో నుంచి కాదు, రాసింది' అన్నాను. ఇక్కడ నోరు జారాను.

'యాడ? చూపీ.'

నీ ఉత్తరం నా జేబులోనే ఉంది. చూపిస్తే అంతా బయట పడుతుంది. ఇంట్లో మరిచి వచ్చానన్నాను. 'అట్లయితే నువ్వే కల్పిస్తాండావు. ఉత్తరం రాసినానని ఒకతూరి అబద్ధం చెప్పినోడివి కదా నువ్వు? మాయమ్మ చేతి రాత చూస్తే వస్తాను. లేకపోతే లేదు' అన్నాడు. చిన్నమ్మ పక్కనే ఉండి, 'అత్తమ్మ రాస్తే చాలు, ఒక్క గీతైనా చాలు' అంది. ఆమెకు రావాలనే ఉందవ్వా. నాకు ఆ ఒక్కటి మాత్రం బాగా అర్థమైంది.

ఇంకో సంగతి. నాయన నిన్న ఫోన్ చేసి, 'నీ యంత్రంలో చూసి చెప్పప్పా, డిసెంబరు పద్నాలుగు ఏ వారము?' అని అడిగాడు. మంగళవారం అన్నాను. 'బ్యాంకుకు లీవు పెట్టాల్నంటే ముందే చెప్పాల కదా, అందుకని అడిగితి' అన్నాడు. గోడ మీద క్యాలెండరు ఉండగా నన్నెందుకు అడిగాడో తెలియదు. వస్తావా నాయనా అంటే పెట్టేశాడు.

నువ్వు తప్పు ఒప్పుకుంటూ ఒక ఉత్తరం రాస్తావా? అడగడానికే భయంగా ఉంది.

సుధన్వ


బాగేపల్లి
8 డిసెంబరు 2004

చిరంజీవి సుధన్వకు,

ఈ ఉత్తరం మీ చిన్నాయనకు చూపించవచ్చు. చేతికిచ్చి, చదివేదాకా పక్కకు పో.

మీ తాత తద్దినం విషయంలో నేను చెప్పింది తప్పు. కాలం మారింది. ఆకాశంలో చంద్రుణ్ణి చూసి లెక్క కట్టే నాకంటే, జేబులో సెల్లులు వేసుకుని కుయ్యిమనే యంత్రానికి ఎక్కువ తెలుసునని ఈ వయసులో తెలుసుకున్నాను. పద్నాలుగో తేదీయే సరైనది. ఈ నెల పద్నాలుగు, మంగళవారం, తెల్లవారినప్పటి నుంచి పొద్దుపోయేదాకా నేను ఇంట్లోనే ఉంటాను. తలుపు తీసే ఉంటుంది. తాళం కప్ప మునిలక్ష్మమ్మకు ఇచ్చేశాను. పట్టాభిరామ మామను కారులో పిలిపిస్తున్నాను, కట్టు విప్పారు, కోపం మాత్రం అట్లాగే ఉంది.

ఆ రోజు వంట ప్రేమ చేయాలి. తడిచీర అక్కర్లేదు. నాకు ఉల్లిపాయ లేకుండా ఒక గిన్నె, మిగిలిన వాళ్ళకు దండిగా వేసి ఒక గిన్నె. ఎవరైనా గుమ్మానికి అడ్డం నిలబడితే గరిటె నా చేతిలోనే ఉంటుందని చెప్పు. మీ నాయన వస్తానంటే రమ్మను, వసారాలో చోటు ఉంది. తర్వాత లోపలికి పిలవాలా వద్దా అనేది ప్రేమ ఇష్టం.

లెక్కల టీచరుగా ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా నా జవాబు తప్పని రాసివ్వలేదు. ఇదే మొదటిది. దీన్ని చింపవద్దని అంబరీషుకు చెప్పు, చింపినా చింపుతాడు.

అందరూ కడుపునిండా తినాలని కోరుకుంటున్న
పంకజ

తా.క. వచ్చేటప్పుడు చిక్కబళ్ళాపురం బస్టాండు ఎదుట పాత్రల అంగడిలో ఐదు లీటర్ల కుక్కరు మూతకు రబ్బరు రింగు ఒకటి తీసుకురా. నాది సాగిపోయి ఆవిరి అంతా పక్కనుంచి పోతోంది, అంతమందికి పప్పు ఉడకదు. కంపెనీని బట్టి సైజు మారుతుంది. అందుకని మూత చుట్టూ దారం పట్టి కత్తిరించి ఈ కవరులో పెట్టాను. రింగును ఆ దారంతో కొలిచి చూసే తీసుకో. యంత్రంలో రాసుకుని గుర్తు పెట్టేయకు. దారం ఇప్పుడే చొక్కా జేబులో వేసుకో.